తడిగుడ్డతో తుడిచిన జ్వరం

1981 ఫిబ్రవరిలో నన్ను అనంతపురం జిల్లాలో, కదిరికీ గోరంట్లకీ నడుమ కొత్తగా పెట్టిన ఒక పోలీసు శిక్షణ శిబిరానికి వైద్యాధికారిగా వేశారు. అది తాత్కాలిక శిబిరం. రెండు బ్యాచ్‌లు నడిపి ఎత్తేశారు కాబట్టి దాని పేరూ, అక్కడి అధికారుల పేర్లూ ఇప్పుడు అక్కర్లేదు. అప్పటికి నేను సివిల్ అసిస్టెంట్ సర్జన్‌ని, సర్వీసులో ఆరో ఏడు. పుట్టి పెరిగింది తెనాలి దగ్గర. ఇంటి ముందు కాలువ పారే ఊరి నుంచి వచ్చి, నీళ్ళ ట్యాంకరు కోసం రోడ్డు వైపు చూసే చోట దిగాను. ఈ బదిలీ వెనక ఎవరి చెయ్యి ఉందా అని మొదటి నెలంతా ఆరా తీశాను. ఎవరి చెయ్యీ లేదు. ఖాళీ ఉంది, వేశారు. అయినా నమ్మబుద్ధి కాలేదు. తక్కెడ కింద వేలు పెట్టి చూడకుండా వంకాయలు కూడా కొనని మనిషిని నేను.

శిక్షణ శిబిరంలో డాక్టరు పని ఊరి ఆసుపత్రిలో పని లాంటిది కాదు. ఊళ్ళో చాలామంది జబ్బు లేదని బుకాయిస్తారు, ఉందని మనం ఒప్పించాలి. ఇక్కడ జబ్బుందని ఒప్పించే బాధ్యత రోగిది. పొద్దున అయిదున్నరకు ఫాలిన్, అంటే అందరూ వరసలో నిలబడటం. ఆపైన గంటన్నర పి.టి., పరుగు. అది ముగిశాక సిక్ రిపోర్టు. ముందే పెడితే పి.టి. ఎగ్గొట్టడానికి సగంమంది దగ్గుతూ వస్తారని తర్వాతకు పెట్టారు. ఒంట్లో బాగాలేదన్నవాళ్ళను ఒక హవల్దారు నడిపించుకొచ్చి నా గది ముందు నిలబెడతాడు. నేను ఒక్కొక్కరినీ చూసి, రిజిస్టరులో పేరు ఎదుట మూడింట్లో ఒకటి రాయాలి. పెద్ద జబ్బయితే ఆసుపత్రి. ఓ మాదిరిదైతే ఇన్ని రోజులు విశ్రాంతి. ఏమీ లేదనిపిస్తే ఎం.డి., అంటే మెడిసిన్ అండ్ డ్యూటీ. మాత్ర మింగి పనిలోకి పో అని దాని అర్థం. రిక్రూట్లు దాన్ని 'మందు, డ్రిల్లు' అని చదువుకునేవాళ్ళు. నేను చదివింది ఎం.బి.బి.ఎస్. వరకే. ఎం.డి. అనే అక్షరాలు రోజూ ఆ రిజిస్టరులో రాయడమే తప్ప, నా పేరు పక్కన రాసుకునే యోగం పట్టలేదు.

వచ్చిన రెండో వారంలోనే ఒక రిక్రూటు నూట మూడు డిగ్రీల జ్వరంతో వచ్చాడు. ముఖం మాత్రం పెళ్ళికొడుకులా కళకళలాడుతోంది. చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ చెయ్యెత్తితే సగం ఉల్లిపాయ జారి, దొర్లుకుంటూ మా కాంపౌండరు నాగభూషణం స్టూలు కిందికి పోయింది. చంకలో ఉల్లిపాయ పెట్టుకుంటే జ్వరం వస్తుందన్నది బడిపిల్లలకు కూడా తెలిసిన చిట్కా. నిజంగా వస్తుందా అంటే నాకు ఇప్పటికీ అనుమానమే. వేడి టీ గ్లాసు కూడా వాడి ఉంటాడని నా నమ్మకం. ఏమైనా ఆ రోజు నుంచి ఒక నియమం పెట్టాను. థర్మామీటరు పెట్టేముందు ప్రతివాడి చంకా తడిగుడ్డతో గట్టిగా తుడవాలి. ఆ పని నాగభూషణానికి అప్పజెప్పాను. కదిరి మనిషి, చెప్పింది చెప్పినట్టు చేసేవాడు. బకెట్లో గుడ్డ ముంచి, పిండి, గిన్నె తోమినట్టు తోమేవాడు.

వారం తిరిగేసరికి సిక్ రిపోర్టు వరస సగానికి తగ్గింది. డ్రిల్ హవల్దారు హుసేన్ సాబ్ స్వయంగా వచ్చి, ఇన్నాళ్ళకు మాకొక డాక్టరు వచ్చినాడని అన్నాడు. రాయదుర్గం మనిషి, యాభై దగ్గర పడ్డవాడు, రిక్రూట్లు ఉస్తాద్ అని పిలిచేవాళ్ళు. ఆ మెప్పుకు నేను పొంగిపోయాను, దాచడమెందుకు.

మార్చి నెలాఖరుకు వరస మళ్ళీ పెరిగింది. గొంతు నొప్పి, ఒళ్ళు నొప్పులు, కొందరికి రెండు మూడు విరేచనాలు. ఒక్కొక్క బ్యారక్‌కు ఒకే నీళ్ళ డ్రమ్ము, ఒకే చెంబు. జబ్బు పాకడానికి అది చాలునని ఇప్పుడు రాయడం తేలిక. అప్పుడు నా ఆలోచన వేరే దారిలో పోయింది. ఏప్రిల్‌లో అయిదు మైళ్ళ పరుగు పరీక్ష ఉంది. అందులో తప్పినవాడు తర్వాతి బ్యాచ్‌కు పోతాడు. పరీక్ష దగ్గర పడేకొద్దీ జబ్బులు పెరగడం నాకు కొత్తగా అనిపించలేదు. పైగా అందరిదీ ఒకటే మాట, ఎవరో నేర్పినట్టు: లోజొరం.

లోజ్వరం అనే మాట మా వైపూ ఉంది. పైకి ఒళ్ళు కాలదు, లోపల మాత్రం జ్వరం కాస్తూ ఉంటుందని జనం నమ్మకం. మేం చదివిన పుస్తకాల్లో దానికి చోటు లేదు. థర్మామీటరుకు దొరకని జబ్బు కంటే పని దొంగకు అనువైనది ఏముంటుంది అనుకున్నాను. నాగభూషణం తుడిచేవాడు, థర్మామీటరు పెట్టేవాడు, నిమిషం చూసేవాడు, తొంభై ఏడో, తొంభై ఎనిమిదో చదివేవాడు. నేను ఎం.డి. అని రాసేవాణ్ణి.

అలాంటి ఒక పొద్దున ఓబులేసు వచ్చాడు. ఇరవై రెండేళ్ళవాడు, కదిరి పక్క పల్లె. అమ్మా నాయనా వేరుశెనగ చేలల్లో కూలికి పోయేవాళ్ళు. ఆ ఇంట్లో నెల జీతం ముఖం చూడబోయే మొదటి మనిషి. శిబిరంలో ఏ పరుగు పెట్టినా అతనే ముందు వచ్చేవాడు, సిక్ రిపోర్టుకు మాత్రం అంతకుముందు ఒక్కసారీ రాలేదు. ఇంకెవరైనా అయితే ఆ ఒక్క కారణానికే నమ్మేవారు. నాకు ఆ కారణానికే అనుమానం వచ్చింది.

"జొరం ఉండాది సార్" అన్నాడు.

నాగభూషణం అంకె చదివాడు. తొంభై ఏడు పాయింటు నాలుగు. జ్వరం లేదే అన్నాను.

"లోపల ఉండాది సార్. ఈడ రొమ్ములో బరువుగా ఉండాది. బ్యారక్ మెట్లెక్కితే దమ్ము వస్తాండాది."

ఉస్తాద్‌తో ఏమైనా గొడవ పడ్డావా అని అడిగాను. లేదన్నాడు. మొదటి స్థానం వదులుకోమని ఎవరైనా ఒత్తిడి చేస్తున్నారా అని అడిగాను. నా వైపు అర్థం కానట్టు చూసి, "నాకు పరుగెత్తాలనే ఉండాది సార్. అందుకే వచ్చినా. మందిస్తే పరుగెత్తుతా" అన్నాడు. సెలవు అడగని రోగి ఆ రోజు అతనొక్కడే. అదీ ఒక ఎత్తుగడే అనుకున్నాను. నాడి పట్టి చూడటానికి అర నిమిషం చాలు. బయట ఇంకా చాలామంది ఉన్నారు. పట్టలేదు. రెండు రకాల మాత్రలిచ్చి ఎం.డి. రాశాను.

గుమ్మం బయట ఉస్తాద్ అతన్ని ఆపడం వినిపించింది. "ఏమప్పా ఓబులేసూ, నువ్వు గూడా ఈడికి వస్తివా? కంబళి కప్పుకోని రెండు రౌండ్లు పరుగెత్తు. చెమట పడితే జొరం అదే పోతాది." ఉస్తాద్ వైద్యం ఏళ్ళుగా అదే. ఆ పని చేసి వచ్చిన వాళ్ళు మా గదిలో చల్లగానే ఉండేవాళ్ళు కాబట్టి అతనికి దాని మీద గురి. నేను విని ఊరుకున్నాను.

మూడు రోజుల తర్వాత పరుగు పరీక్ష జరిగింది. గోరంట్ల రోడ్డులో రెండున్నర మైళ్ళు పోయి తిరిగి రావాలి. నేను ముగింపు గీత దగ్గర కుర్చీ వేసుకుని, ప్రథమ చికిత్స పెట్టె పక్కన పెట్టుకుని కూర్చున్నాను. మొదటి పదిమందిలో ఓబులేసు లేడు. నా అంచనా తప్పలేదని లోలోపల సంతోషపడ్డాను. ఆ సంతోషం తలుచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గే.

కాసేపటికి జీపులో వేసుకొచ్చారు. అర మైలు అవతల రోడ్డు పక్కన కూలబడ్డాడట. స్పృహ ఉంది గానీ పెదవులు నల్లబడ్డాయి. నాడి పట్టాను. లెక్కకు అందనంత వేగం, మధ్యమధ్య తప్పిపోతోంది. నాగభూషణం అలవాటు కొద్దీ చంక తుడిచి థర్మామీటరు పెట్టాడు. నేను కంగారులో అది చూసుకోక, ఇంకొకటి తీసి నాలుక కింద పెట్టాను. రెండూ ఒకేసారి తీశాం. నోటిది నూట రెండు దాటింది. చంకది తొంభై ఎనిమిది.

మొదట థర్మామీటరు పాడైందనుకున్నాను. రెంటినీ అటూ ఇటూ మార్చి పెట్టించాను. నోటికీ చంకకూ మళ్ళీ అవే అంకెలు వచ్చాయి. అప్పటికీ నమ్మకం కుదరక, జీపు సర్దేలోగా నాగభూషణాన్నే కూర్చోబెట్టి, ఒక చంక తుడిచి, ఒకటి తుడవకుండా చూశాను. తుడిచిన వైపు బాగా తక్కువ చూపించింది. ఆ నేల మీద గాలి ఎంత పొడి అంటే, ఉతికిన పంచె దండెం మీద వేసి తిరిగి చూసేసరికి ఆరిపోయేది. తడిసిన చర్మం కూడా అంతే త్వరగా చల్లబడుతుంది. పి.టి. చెమట ఒక పక్క, నాగభూషణం గుడ్డ ఒక పక్క, నిమిషానికే తీసేసే థర్మామీటరు ఇంకో పక్క. ఉల్లిపాయను పట్టుకోవడానికి నేను పెట్టిన నియమం, నెలకు పైగా నిజమైన జ్వరాలను తుడిచి పారేసింది. రిక్రూట్లు లోజొరం అన్నది అబద్ధం కాదు. పైన మేం తుడిచేశాం, లోపలిది లోపలే ఉంది.

ఓబులేసును కదిరి తీసుకెళ్ళి, అక్కడి నుంచి పెద్దాసుపత్రికి తరలించాం. ఇ.సి.జి. తీశారు. అక్కడి సీనియర్ ఫిజిషియన్ నెమ్మదస్తుడు. గుండె కండరం వాచింది, వైరస్ పని అయి ఉండాలి అన్నారు. తర్వాత, జ్వరం ఎప్పుడు మొదలైంది, ఆ జ్వరంలో పరుగెత్తమని ఎవరన్నారు అని అడిగారు. మొదటి ప్రశ్నకు జవాబు చెప్పాను. రెండో ప్రశ్న విననట్టు ఇ.సి.జి. కాగితం చేతిలోకి తీసుకున్నాను. ఆయన మళ్ళీ అడగలేదు.

ఆయన వివరించినది నాకు అర్థమైనంత వరకు ఇది. కొన్ని రకాల వైరస్‌లు గొంతులోనో పేగుల్లోనో మొదలై కండరాల్లోకి దిగుతాయి, గుండె కూడా కండరమే. మామూలుగా ఒంట్లోని కాపలా కణాలు వాటిని కొద్ది రోజుల్లో అదుపు చేస్తాయి. అలాంటి సమయంలో మనిషి శక్తికి మించి శ్రమపడితే, ఒత్తిడికి ఊరే హార్మోన్లు ఆ కాపలాను మందగింపజేస్తాయి. గట్టిగా పరుగెత్తిన తర్వాత కొన్ని గంటల పాటు రక్తంలో కాపలా కణాలు తగ్గుతాయి కూడా. వైరస్‌కు ఆ సందు చాలు. పోలియో మొదలయ్యే రోజుల్లో ఒళ్ళు అలిసేలా తిరిగిన వాళ్ళకే పక్షవాతం ఎక్కువగా పడిందని వెనకటి తరం డాక్టర్లు గమనించారట. ఆ వాక్యం నేను పరీక్ష కోసం బట్టీ పట్టినదే. రాసి మార్కులు తెచ్చుకున్నాను, మరిచిపోయాను.

మర్నాడు శిబిరంలో, ఫాలిన్ కాకముందే, గడిచిన పది రోజుల్లో నేను ఎం.డి. రాసిన వాళ్ళందరినీ పిలిపించి నోట్లో థర్మామీటరు పెట్టి చూశాను. సగం మందికి పైగా జ్వరం ఉంది. అందరినీ పడుకోబెట్టాను. విచిత్రమేమిటంటే మన ఉల్లిపాయ రిక్రూటు కూడా ఆ జబ్బు పడ్డవాడే. ఎం.డి. రాసినా పరుగుకు పోకుండా వంటశాలలో కట్టెల వెనక నాలుగు రోజులు దాక్కుని పడుకున్నాడట. అప్పటికే కోలుకుని పూరీలు తింటున్నాడు. ఉస్తాద్ చెప్పినట్టు కంబళి కప్పుకుని పరుగెత్తిన బుద్ధిమంతులు మూడు నాలుగు వారాలు లేవలేకపోయారు. ఒక్క శిబిరంలో చూసింది శాస్త్రం కాదని తెలుసు. అయినా నా కళ్ళతో చూశాను.

తర్వాత రిజిస్టరు వ్యవహారం వచ్చింది. శిబిరం అధికారి, డి.ఎస్.పి. హోదా ఆయనది, నన్ను కాఫీకి పిలిచారు. ఎంతో మర్యాదగా, ఓబులేసు ఆ రోజు సిక్ రిపోర్టుకు అసలు రాలేదని ఉంటే అందరికీ మంచిది కదా డాక్టరు గారూ అన్నారు. ఆ 'అందరి'లో ఓబులేసు లేడు. పేరు తీసేస్తే, జబ్బు దాచిపెట్టి పరుగెత్తాడని తేల్చి అతన్ని ఇంటికి పంపేస్తారు. ఎం.డి. అలాగే ఉంటే అది డ్యూటీలో ముదిరిన జబ్బు అవుతుంది, అతని ఉద్యోగం నిలుస్తుంది. దెబ్బ నా మీద పడుతుంది. ఆ ఏడే నేను సర్వీసు కోటాలో పై చదువుకు దరఖాస్తు పెట్టుకున్నాను. ఒక చెడ్డ మాట పడితే అది అయిపోయినట్టే.

ఒక రోజంతా నేను ఏమీ చెయ్యలేదు. అక్కడికక్కడే కుదరదన్నానని ఇప్పుడు ధైర్యంగా రాసుకోవచ్చు గానీ, భయపడ్డాను. రిజిస్టరును విషపు మందుల బీరువాలో పెట్టి తాళం నా దగ్గర ఉంచుకున్నాను. నాగభూషణాన్ని అనుమానించాను. గది తుడిచే నౌకరును అనుమానించాను. ఉస్తాద్‌ను అందరికంటే ఎక్కువ అనుమానించాను, ఎందుకంటే కంబళి మాట బయటపడితే ముందు పోయేది అతని బెల్టే, అంటే ఉద్యోగమే.

ఆ సాయంత్రం ఉస్తాద్ నా గదికి వచ్చాడు. బీరువా తాళం మరోసారి లాగి చూసుకుని, అప్పుడు కూర్చోమన్నాను.

"రిజిస్టరు మార్చమని అడిగినారంట. మార్చద్దండి సార్" అన్నాడు. "కంబళి కప్పుకోని పరుగెత్తమన్నది నేనే. అది గూడా రాసుకోండి. సంతకం పెడతా."

ఎవరు పంపారని అడిగాను. ఎవరూ పంపలేదన్నాడు. దీని వల్ల నీకేమిటని ఇంకోలా అడిగాను. మూడోసారి అడగబోతే అతనికి కోపం వచ్చింది.

"ఏంది సార్, ఒక మనిషి నిజం చెప్తే నమ్మేకి మీకు అంత కష్టమా? ఆ పిల్లోడు నా మాట విని చెడినాడు. అంతే."

రాత్రి దాకా ఆగకుండా, అక్కడికక్కడే కూర్చుని నివేదిక రాశాను. ఓబులేసు వచ్చిన తేదీ, చెప్పుకున్న బాధలు, నేను నాడి చూడకపోవడం, తడిగుడ్డ నియమం నాదేనని, ఎం.డి. రాసింది నేనేనని రాశాను. ఉస్తాద్ వాంగ్మూలం జతపరిచాను.

విచారణ జరిగింది. నాకు మెమో ఇచ్చారు, సర్వీసు పుస్తకంలో అభిశంసన రాశారు. పై చదువు దరఖాస్తు తిరిగి వచ్చింది. ఉస్తాద్‌ను డ్రిల్లు నుంచి తప్పించి స్టోర్సుకు మార్చారు. ఓబులేసుకు మూడు నెలల పూర్తి విశ్రాంతి, ఆపైన తర్వాతి బ్యాచ్‌లో చోటు ఇచ్చారు. శిబిరంలో సిక్ రిపోర్టును పి.టి. కంటే ముందుకు జరిపించాను. చంక బదులు నోరు, ప్రతివాడికీ నాడి లెక్క. జ్వరం దిగినా వారం దాకా పరుగు లేదు. పి.టి. ఎగ్గొట్టేవాళ్ళు కొందరు దీన్ని బాగానే వాడుకున్నారు. వాడుకోనిచ్చాను.

వ్యాయామం చెడ్డదని చెప్పడం లేదు. ఓ మాదిరి నడక, ఓ మాదిరి పరుగు జబ్బులను దూరంగానే ఉంచుతాయి. నేను చెప్పేది ఒంట్లో వైరస్ ఉన్నప్పుడు ఊపిరి తెగేలా చేసే శ్రమ గురించి. పరుగు తర్వాత రక్తంలో తగ్గిన కాపలా కణాలు నిజంగా బలహీనపడతాయా, లేక కాసేపు ఊపిరితిత్తుల వైపో పేగుల వైపో కాపలాకు పోతాయా అని పెద్దవాళ్ళు ఇంకా వాదించుకుంటున్నారు. ఆ వాదన తేలేదాకా ఆగక్కర్లేని జాగ్రత్త ఒకటుంది. జలుబు ముక్కులోనే ఉంటే తేలికగా తిరగవచ్చు. జ్వరం, ఒళ్ళు నొప్పులు, రొమ్ములో బరువు, ఆయాసం ఉంటే పడుకోవాలి.

తర్వాతి బ్యాచ్ చివర ఓబులేసు ఫిట్‌నెస్ కాగితం మీద సంతకం కోసం నా దగ్గరికి వచ్చాడు. మెడికల్ బోర్డు అతను ఉద్యోగానికి పనికొస్తాడంది గానీ, పరుగులున్న పనులకు వద్దంది. వైర్‌లెస్ సెట్టు దగ్గర కూర్చునే పని వచ్చింది. నాడి చూశాను. ఇరవై ముప్ఫై కొట్టుకున్నాక ఒకటి తప్పుతోంది. సంతకం పెట్టి కాగితం ఇచ్చాను. తీసుకుని కదలకుండా నిలబడ్డాడు.

"ఆ పొద్దు మీరు నోట్లో పెట్టి చూసింటే, నా మాట నమ్మిందురా సార్?"

"నీ మాట కాదు, థర్మామీటరును నమ్మేవాణ్ణి" అన్నాను. అబద్ధం చెప్పాలనిపించలేదు.

"నేనూ అదే అనుకున్యా సార్" అని సెల్యూట్ చేసి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత ఇరవై రెండేళ్ళు పనిచేశాను. ఎక్కడ పనిచేసినా రోగి చెప్పింది ముందు రాసి, థర్మామీటరు చెప్పింది దాని కింద రాశాను. రెండూ కలవనప్పుడు మళ్ళీ కొలిచాను, అప్పటికీ కలవకపోతే రోగిని పడుకోబెట్టాను. అలా నన్ను మోసం చేసి సెలవు పుచ్చుకున్నవాళ్ళు చాలామందే ఉండి ఉంటారు. వాళ్ళలో ఎవరికీ గుండె చెడలేదు.